ఛాయాచిత్రాల పందెం – చూపుకు పాఠం

మా వైపు పందెం అనగానే ఎడ్ల పందెమే గుర్తుకొస్తుంది. బండ ఒకటే, గడువు ఒకటే. ఏ జత ఎంత దూరం లాగిందన్నదే లెక్క. ఒక జతకు ఒక బండ, మరో జతకు ఇంకో బండ పెడితే అది పందెం కాదు, తగాదా అవుతుంది.

ఫోటోల్లో కూడా ఇట్లాంటి పందేలు వున్నాయి. నిర్వాహకులు ఒక అంశం ఇస్తారు. ఒక గడువు పెడతారు. ఒకటి రెండు నియమాలు విధిస్తారు. ఇక్కడ బండ స్థానంలో అంశం వుంటుంది. అందరికీ అదే బరువు. ఎవరి చూపు ఎంత దూరం లాగిందన్నదే చూస్తారు. సెల్‌ఫోను లేని విద్యార్థి కనపడని ఈ రోజుల్లో మనమంతా వందలకొద్దీ బొమ్మలు తీస్తున్నాం. తీసిన వాటిని మళ్ళీ ఒక్కసారి కూడా చూడటం లేదు. ఇన్ని తీస్తున్నా చూపు ఎందుకు పెరగటం లేదు? ఈ ప్రశ్నకు జవాబు ఆ పందేలలో నాకు కొంత దొరికింది. దాన్ని తోటి విద్యార్థులతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

పోటీల పూర్వరంగం

1839 ఆగస్టు 19న పారిస్‌లో, డాగేర్ కనిపెట్టిన ఛాయాచిత్ర పద్ధతిని లోకానికి బహిరంగం చేశారు. నేటికీ ఆ తేదీనే ప్రపంచ ఛాయాచిత్ర దినంగా జరుపుకుంటున్నాం. తరువాత సుమారు పదిహేనేళ్ళలోనే 1853లో లండన్‌లోనూ, 1854లో బొంబాయిలోనూ ఛాయాచిత్రకారుల సంఘాలు ఏర్పడ్డాయి. తీసినవాటిని గోడకు తగిలించి ఒకరివి ఒకరు పరిశీలించుకోవటం ఇట్లాంటి సంఘాలతో అలవాటయింది. 1950లో అంతర్జాతీయ ఛాయాచిత్ర సమాఖ్య, 1953లో భారతీయ ఛాయాచిత్ర సమాఖ్య ఏర్పడిన తరువాత పోటీలకు ఒక క్రమం వచ్చింది. నలుపు తెలుపు, రంగులు, ప్రకృతి అంటూ విభాగాలు, విభాగానికో నియమావళి ఏర్పడ్డాయి.

మన తెలుగు గడ్డకూ ఈ కళలో పెద్ద చరిత్రే వుంది. ఆరవ నిజాం కొలువులో ఛాయాచిత్రకారుడయిన రాజా దీనదయాళ్ (1844–1905) హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో నడిపించారు. అక్కడ తీసేవారు కూడా స్త్రీలే. బొమ్మ తీయించుకునే మనిషి మర్యాద కాపాడటం వృత్తిలో భాగమని ఆనాడే గుర్తించారన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి. వ్యాసం చివర దీని అవసరం వస్తుంది.

కొత్త రకం పందెం

పాత పోటీలలో గెలిచిన బొమ్మ గోడ మీదనో, గెలిచినవాడి పెట్టెలోనో వుండిపోయేది. 2010లో నెదర్లాండ్స్‌లో వికీపీడియా కార్యకర్తలు ఒక కొత్త పోటీ మొదలుపెట్టారు. దాని పేరు ‘వికీ లవ్స్ మాన్యుమెంట్స్’. చారిత్రక కట్టడాలను తీసి, ఎవరైనా వాడుకోవటానికి వీలుగా లోకానికి ఇచ్చివేయటం అందులో నియమం. 2011లో యూరప్ దేశాలకు పాకిన ఆ పోటీకి 1,68,208 బొమ్మలు వచ్చి గిన్నిస్ రికార్డుకెక్కింది. 2012లో మన దేశం కూడా చేరింది. ఆ ఏడు అంతర్జాతీయ ప్రథమ బహుమతి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ సమాధి చిత్రానికే వచ్చింది.

2020లో మొదలైన మరో పోటీ మనకు ఇంకా దగ్గరది. బొమ్మ లేని వ్యాసానికి బొమ్మ చేర్చటమే అందులో పని. తెలుగు వికీపీడియా కూడా ఇందులో పాల్గొన్నది. తెలుగు వికీపీడియాలో మన పల్లెల మీద వేల వ్యాసాలు వున్నాయి. మీ వూరి పేజీ తీసి చూడండి. జనాభా వుంటుంది, భూమి వివరం వుంటుంది, దగ్గరి పట్నం ఎంత దూరమో వుంటుంది. బొమ్మ మాత్రం చాలా ఊళ్ళకు వుండదు. తాజ్‌మహలుకు లెక్కలేనన్ని ఫోటోలు, మన వూరి చెరువుకు ఒక్కటీ లేదు. ఈ లోటు తీర్చగలిగింది ఆ ఊళ్ళో పుట్టినవాడే.

కొత్తపట్నంలో మా ప్రయోగం

పెద్ద పోటీలకు పోయే ముందు మాలో మేమే ఒక పందెం పెట్టుకుందామని నిరుడు మా తరగతి మిత్రులం తొమ్మిది మందిమి అనుకున్నాం. అంశం ‘నీరు’. గడువు ఒక నెల. స్థలం కొత్తపట్నం. ఒంగోలుకు తూర్పున ఇరవై కిలోమీటర్ల లోపే వున్న సముద్రపు ఊరు అది. 1937లో వేసవి రాజకీయ పాఠశాల పెట్టిన ఊరుగా దానికి చరిత్రలో పేరున్నది.

మొదటి ఆదివారం తెల్లవారకముందే చేరుకున్నాం. సాయంత్రం అందరి ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నవ్వాగలేదు. తొమ్మిది ఫోన్లలోనూ అదే ఎర్రటి సూర్యుడు, అదే పడవ, అదే అల. పేర్లు మార్చి చూపితే ఏది ఎవరిదో మేమే చెప్పలేం. అప్పుడు ఒక మిత్రుడు రెండో వారానికి నియమం పెట్టాడు: “అంశం నీరే. సముద్రం మాత్రం కనపడకూడదు.”

ఆ ఒక్క మాటతో తొమ్మిది మందిమీ సముద్రానికి వీపు తిప్పాం. సరుగుడు తోటలు, జీడిమామిడి చెట్లు, వాటి మధ్య ఇసుక నేలలో కూరగాయల మళ్ళు కనిపించాయి. ఆ మళ్ళకు నీళ్ళు ఎక్కణ్ణించి? దొరువుల నుంచి. దొరువంటే ఇసుకలో తవ్విన లోతులేని గుంట. కూతవేటు దూరంలో ఉప్పు సముద్రం, ఇక్కడ తియ్యటి నీళ్ళు! కారణం మన భౌతికశాస్త్రంలోనే వుంది. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025, మంచినీటిది 1.000. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక గనుక ఉప్పునీటి పైన పొరగా నిలుస్తుంది. దొరువు ఆ పై పొరనే అందుకుంటుంది. ఆశపడి లోతుగా దించి మోటారుతో అదేపనిగా తోడితే, కింది ఉప్పు పైకి వస్తుంది. తరగతిలో సాంద్రత గురించి పరీక్ష కోసం చదివాను. దొరువు దగ్గర దాన్ని చూశాను. సముద్రం వద్దన్న నియమమే లేకపోతే ఆ గుంట వైపు తిరిగేవాణ్ణి కాదు.

పత్తి, మిరప, ఇసుక చెప్పే వెలుగు పాఠం

అంశం దొరికినా బొమ్మ కుదరాలంటే వెలుగు లెక్క తెలియాలి. మన పొలాల్లోనే దానికి ఉదాహరణలున్నాయి.

కెమెరాలోని వెలుగు మీటరుకు పత్తి ఏదో, బొగ్గు ఏదో తెలియదు. ఎదుట వున్నది తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతం వెనక్కు పంపే బూడిద రంగు వస్తువని అనుకుంటుంది. పగిలిన పత్తి దానికి సుమారు నాలుగు రెట్లు పంపుతుంది. మీటరు బెదిరిపోయి వెలుగు తగ్గిస్తుంది. తెల్లటి పత్తి మాసిన బట్టలా వస్తుంది. కొత్తపట్నం ఇసుక కూడా ఇంతే. కాబట్టి తెల్లటి వస్తువుకు వెలుగు పెంచాలి. ఫోనులో బొమ్మ మీద వేలు పెడితే వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరిపితే చాలు.

కల్లంలో ఆరబోసిన మిరపకాయల సంగతి దీనికి తలకిందులు. మా కల్లంలో నేను తీసిన మొదటి బొమ్మలో కాయలే లేవు. నేల మీద ఎర్ర రంగు ఒలకబోసినట్లున్నది. కెమెరా లోపలి ఫలకం మీద రంగు వడపోతలు గళ్ళుగా వుంటాయి. ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. 1976లో బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన అమరిక ఇది. మిరపకాయ పంపేది దాదాపు ఎరుపే గనుక మొత్తం మీద దృశ్యం చీకటిగా వున్నదని మీటరు భ్రమపడి వెలుగు పెంచుతుంది. ఎరుపు గడి నిండి పొర్లిపోతుంది. 255 దాటి లెక్కపెట్టే చోటు దానికి లేదు. కాయ మీది ముడత, మెరుపు, తొడిమ దగ్గరి నీడ అన్నీ ఒకే ఎరుపులో కలిసిపోతాయి. కాబట్టి మిరపకు వెలుగు తగ్గించి తీయాలి.

మూడోది నీడ. సూర్యోదయమైన ముప్పావు గంటకు మన ప్రాంతంలో సూర్యుడు సుమారు 10 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. త్రికోణమితి ప్రకారం అప్పుడు నీడ వస్తువు ఎత్తుకు ఐదున్నర రెట్ల పై చిల్లర. సూర్యుడు 45 డిగ్రీలకు వస్తే నీడ, ఎత్తు సమానం. ఇసుక మీద గాలి గీసిన గీతల ఎత్తు వేలెడైనా వుండదు. పొద్దున పొడుగు నీడలో అవి దున్నిన చాళ్ళలా కనపడతాయి, మధ్యాహ్నానికి మాయమవుతాయి. అదే ఇసుక, అదే ఫోను. మారింది గంట మాత్రమే.

అవ్వ అడిగిన ప్రశ్న

మూడో ఆదివారం ఒక దొరువు దగ్గర ఒక ముసలమ్మ రెండు చేతులా కడవలతో నీళ్ళు తెచ్చి మడికి పోస్తున్నది. పొద్దుటి ఎండ, మెరిసే నీటి ధార, ముడతల ముఖం. చాటుగా నాలుగైదు తీశాను. మిత్రులు చూసి, “దీనికి ‘పేదరికం’ అని పేరు పెట్టు, ఎక్కడికి పంపినా బహుమతి ఖాయం” అన్నారు. నాకూ అట్లాగే తోచింది. పోయి ఆమెకు చూపించాను.

“ఏందబ్బాయా, అడక్కుండా తీశావు? మొకం కడుక్కోలా, తల దువ్వుకోలా. దీన్ని ఎవురికి చూపిస్తావు?” అన్నది.

పోటీకి పంపుతానన్నాను. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. చట్టం ప్రకారం ఫోటో మీద హక్కు సాధారణంగా తీసినవాడిది. ఆ హక్కుతోనే మనం దాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద లోకానికి ఇస్తాం. ఒకసారి ఇచ్చిన తరువాత ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే. ఇచ్చిన లైసెన్సును వెనక్కు తీసుకోవటం వుండదు. గుడికో, కోటకో ఇందులో బాధ లేదు. మనిషికి వుంది. ఇదంతా ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పటానికి ప్రయత్నించాను. “ఈ బొమ్మ లోకంలో ఎవరైనా వాడుకోవచ్చు అవ్వా, తరువాత వద్దన్నా ఆగదు” అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. “అయితే నన్నెందుకు? దొరువు తీయి. రేపు మా పిల్లకాయలకి ఇది ఎట్టుంటదో తెలవదు” అన్నది. అని, కడవ పక్కన పెట్టి, మడికీ దొరువుకీ మధ్య దారి చూపించింది. ఎక్కడ నిలబడితే రెండూ కనపడతాయో నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

మొదటి బొమ్మలు ఆమె ఎదుటే చెరిపేశాను. మిత్రులు తిట్టారు. నాకూ మనసు పీకిన మాట నిజం, అవి బాగా కుదిరిన బొమ్మలు. అయితే ఆమె మడిలో వంగనారు ఏపుగా వున్నది. అది తన చేతి పంట. దానికి ‘పేదరికం’ అని పేరు పెట్టటానికి నేనెవరిని? మా నాన్న కల్లంలో పనిచేస్తుంటే ఎవరో చాటుగా తీసి అట్లాంటి పేరు పెడితే నేను ఊరుకుంటానా?

దొరువు బొమ్మను వికీపీడియా వారి చిత్ర భాండాగారానికి పంపాను. దానికి ఏ బహుమతీ రాలేదు. దొరువంటే ఏమిటో చూడాలనుకునేవారికి అది అక్కడ వున్నది.

చేయదలచినవారికి

1. ఒక అంశం ఎన్నుకుని నెలరోజులు దానినే పట్టుకోండి. నీడ, తలుపు, చేతులు, తాడు, ఏదైనా సరే.

2. మొదటి వారం తోచినవి తీయండి. అందరికీ తోచింది ఏదో తేలుతుంది. రెండో వారం దాన్ని నిషేధించండి.

3. ఒకే చోటికి వేరువేరు వేళల్లో వెళ్ళండి. వేళ, వెలుగు దిక్కు, పెంచిందీ తగ్గించిందీ ప్రయోగశాల రికార్డులో లాగా నోటుబుక్కులో రాసుకోండి.

4. వారానికి ఒక్కటే బొమ్మ చూపండి. వందలో ఒకటి ఏరటమే సగం చదువు.

5. విమర్శించేటప్పుడు ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు వాడకండి. ముందు ఏం కనపడుతుందో చెప్పండి.

6. గుర్తుపట్టగలిగే మనిషి బొమ్మలో వుంటే అడగండి. ఎక్కడికి పోతుందో చెప్పండి. చూపించండి. వద్దంటే చెరిపేయండి.

మన యూనియన్ ఏటా ఆటల పోటీలు, వక్తృత్వ పోటీలు జరుపుతున్నది. రాబోయే ఏడు ఒక నెలపాటు ఇట్లాంటి ఛాయాచిత్రాల పందెం కూడా పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. కప్పులు, షీల్డులు అక్కరలేదు. మన విద్యార్థులు వచ్చే ఊళ్ళ పట్టిక ఒకటి రాసి గోడకు అంటించండి. ఏ వూరి పేజీకి బొమ్మ లేదో దాని పక్కన గుర్తు పెట్టండి. నెల తిరిగేసరికి ఎన్ని గుర్తులు చెరిగిపోతాయో చూద్దాం. మా వూరి పేరు పక్కన గుర్తు పడితే చెరిపే పూచీ నాది.