కానుకా? కట్నమా?

నికాహ్ కుదిరిందనగానే అనేక ఇళ్ళలో వరుని తరఫు నుంచి ఒక జాబితా వస్తుంది: మంచం, బీరువా, ఫ్రిజ్, మోటారు సైకిలు. "మేమేమీ అడగటం లేదు, మీ అమ్మాయికి మీరు ఇచ్చుకునేవే" అన్న మాట దానికి తోడు. వధువు తండ్రి అప్పు చేసి ఆ జాబితా పూర్తిచేస్తాడు. మనం దానికి జహేజ్ అని, కానుక అని పేరు పెట్టుకున్నాం.

కానుకలు ప్రేమను పెంచుతాయని, గొర్రె గిట్ట ఇచ్చినా చిన్నచూపు చూడరాదని దైవప్రవక్త (సఅసం) బోధించారు. అయితే మనస్ఫూర్తిగా ఇస్తేనే ఒకరి సొమ్ము మరొకరికి ధర్మసమ్మతమని కూడా ఆయనే సెలవిచ్చారు. మరి పరువు పోతుందన్న భయంతో ఇచ్చింది కానుక ఎలా అవుతుంది?

దివ్యఖుర్ఆన్ (4:4) మహర్‌ను సంతోషంగా చెల్లించమని పురుషులను ఆదేశించింది. హజ్రత్ అలీ (రజి) తన కవచాన్నే మహర్‌గా ఇచ్చారు. హజ్రత్ ఫాతిమా (రజి) వెంట వెళ్ళినవి ఒక దుప్పటి, ఒక నీటి తిత్తి, గడ్డి నింపిన తోలు దిండు.

జాబితా రాయడమే తప్పా? కాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలు పెళ్ళి కానుకల జాబితా రాసి వధూవరులు సంతకం చేయాలంటున్నాయి. అది ఇచ్చినవాటి లెక్క, వధువు హక్కుకు రక్షణ. ఏం కావాలని ఆప్తులు అడిగితే చెప్పడమూ తప్పు కాదు. ఇచ్చి తీరాలని పంపే జాబితాయే అన్యాయం.

సోదరులారా! అలాంటి జాబితా మన ఇంట్లో ఉంటే ఈరోజే చించేద్దాం. ఇప్పటికే తీసుకున్నది ఉంటే తిరిగి ఇచ్చేద్దాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.