15 వేల బడ్జెట్‌లో టెలిఫోటో లెన్స్: ఎంఎం చూసి కాదు, లెక్క వేసి కొనండి

కిట్ లెన్స్‌తో డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న చాలామందికి కొన్ని నెలల్లోనే ఒక కోరిక పుడుతుంది: ఇంకాస్త జూమ్ ఉంటే బాగుండు! ఫోన్లలోనే 5ఎక్స్ వస్తున్న రోజుల్లో, మన కెమెరాలో పిట్ట ఈగంత కనిపిస్తే ఎవరికైనా చిరాకే. అందుకే ఫ్రెండ్స్, జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, 250 సరిపోతుందా, 300 తీసుకోనా?"

నిజానికి అది మూడో ప్రశ్న. మొదటిది, మీరు ఏం తీస్తారు, ఎంత దూరం నుంచి? రెండోది, లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉందా? స్టైపెండ్‌లోంచి దాచుకున్న 15 వేలను రెండుసార్లు ఖర్చు పెట్టలేం కదా. కాబట్టి వరుసగా చూద్దాం.

ముందు ఈ చిన్న లెక్క

ఫార్ములా చాలా సింపుల్. సెన్సర్ వెడల్పును దూరంతో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. సెన్సర్, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లలో, దూరం మీటర్లలో తీసుకుంటే, ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు మీటర్లలో వస్తుంది. కెనన్ 1500డీ లాంటి ఏపీఎస్-సీ బాడీల సెన్సర్ వెడల్పు 22.3 ఎంఎం. నికాన్, సోనీ ఏపీఎస్-సీలకు 23.5 అనుకోండి.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో పెలికాన్లు తీయాలనుకుందాం. పక్షి 20 మీటర్ల దూరంలో ఉంది, లెన్స్ 250 ఎంఎం. అంటే 22.3 × 20 ÷ 250 = 1.78 మీటర్లు. పెలికాన్, అదే మన గూడబాతు, ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. అంటే ఫ్రేమ్ దాదాపు నిండిపోతుంది.

అదే దూరంలో లకుముకిపిట్ట ఉంటే? దాని పొడవు 28 సెంటీమీటర్లే. ఫ్రేమ్‌లో ఆరో వంతు వస్తుంది. 300 పెట్టినా ఐదో వంతే. కానీ 250తోనే 10 మీటర్ల దగ్గరికి వెళ్తే మూడో వంతు దాకా వస్తుంది. అంటే ఇక్కడ 50 ఎంఎం కంటే పది మీటర్ల నడకే ఎక్కువ పనిచేసింది. దానికి ఖర్చు కూడా లేదు.

ఇప్పుడు పులికాట్‌లో ఫ్లెమింగోలు చూడండి. 150 మీటర్ల దూరంలో నిలబడి ఉంటే 250తో ఫ్రేమ్ వెడల్పు 13 మీటర్లకు పైనే. 400 ఎంఎం పెట్టినా 8 మీటర్లు దాటుతుంది. ఈ బడ్జెట్‌లో ఒక్క పక్షి క్లోజప్ ఆశించొద్దు, గుంపు మొత్తాన్ని తీయండి.

స్టెబిలైజేషన్ లేకపోతే 300 కూడా దండగే

చేతిలో పట్టుకుని తీసేటప్పుడు ఒక పాత రూల్ ఉంది. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఫోకల్ లెంగ్త్ ఎంతో, షట్టర్ స్పీడ్ కనీసం అందులో ఒకటో వంతు సెకను ఉండాలి. కెనన్ ఏపీఎస్-సీలో 300 అంటే 300 × 1.6 = 480. కాబట్టి సుమారు 1/500. మంచి ఎండలో పర్లేదు, కానీ సాయంత్రం ఐదున్నరకు అది కష్టం. స్టెబిలైజేషన్ మూడు స్టాప్‌లు సాయం చేస్తే, కదలకుండా కూర్చున్న పక్షిని 1/60 దగ్గర కూడా తీయొచ్చు.

అందుకే కెనన్ వాళ్లకు నా ఓటు ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎంకే. ఈఎఫ్ 75-300 త్రీ చవగ్గా దొరుకుతుంది, నంబర్ కూడా పెద్దది. కానీ దాంట్లో స్టెబిలైజేషన్ లేదు. బరువు చూసినా 55-250 సుమారు 375 గ్రాములు, 75-300 సుమారు 480.

నికాన్‌లో ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 రెండు రకాలుగా వచ్చింది, వీఆర్ ఉన్నది, లేనిది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పేరులో "వీఆర్" ఉందో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వండి.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. స్టెబిలైజేషన్ ఆపేది మన చేతి వణుకును మాత్రమే. ఎగిరే పక్షికి, పరిగెత్తే ఆటగాడికి 1/1000 లాంటి స్పీడ్ కావాల్సిందే.

ఇండోర్ ఆటలకైతే ప్లాన్ మార్చండి

కాలేజీ ఇండోర్ స్టేడియంలో కబడ్డీ, షటిల్ తీయాలంటే ఈ జూమ్‌లు ఇబ్బంది పెడతాయి. జూమ్ చివర అపర్చర్ ఎఫ్/5.6 లేదా 6.3. దాంతో పోలిస్తే ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ సుమారు పది రెట్లు ఎక్కువ వెలుగు తీసుకుంటుంది. మన లెక్కే వేయండి: 50 ఎంఎం, 5 మీటర్లు, కెమెరా నిలువుగా పట్టుకుంటే 2.2 మీటర్ల ఎత్తు పడుతుంది. నిలబడ్డ మనిషి సరిగ్గా సరిపోతాడు. కోర్టు పక్కన కూర్చునే చాన్స్ ఉంటే టెలిఫోటో పక్కనపెట్టి 50 ఎఫ్/1.8 కొనుక్కోండి.

మీ బాడీకి సూటవుతుందా?

నికాన్ వాళ్లు ఇక్కడ జాగ్రత్త. డీ3100, డీ3200, డీ5100, డీ90, డీ7000 మీద ఏఎఫ్-పీ లెన్స్‌లు పనిచేయవు. ఇక పాత ఏఎఫ్ 70-300జీలో మోటార్ లేదు, కాబట్టి డీ3000, డీ5000 సిరీస్ బాడీలతో ఆటోఫోకస్ రాదు. అలాంటి బాడీలకు ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న వీఆర్ లెన్స్ వెతకండి.

సోనీ ఏ6100, ఏ6400 బాడీల్లో స్టెబిలైజేషన్ లేదు. కాబట్టి లెన్స్‌లోనే ఓఎస్ఎస్ ఉన్న 55-210 లాంటిది మేలు. మిర్రర్‌లెస్ బాడీకి డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ వేద్దామనుకుంటే అడాప్టర్ ధర కూడా బడ్జెట్‌లో కలపండి.

ఆన్‌లైన్‌లో "420-800 ఎంఎం" అని చవగ్గా కనిపించేవి కూడా ఉంటాయి. వాటిలో ఫోకస్ చేత్తో తిప్పాలి, స్టెబిలైజేషన్ ఉండదు, అపర్చర్ ఎఫ్/8.3 నుంచి మొదలవుతుంది. ట్రైపాడ్ లేకుండా వాటితో పక్షిని పట్టడం చాలా కష్టం.

సెకండ్ హ్యాండ్ అయితే పది నిమిషాల టెస్ట్

ఈ బడ్జెట్‌లో చాలావరకు సెకండ్ హ్యాండే చూడాల్సి వస్తుంది. మీ కెమెరా తీసుకెళ్లి ఇవి చెక్ చేయండి:

1. రెండు వైపులా మూతలు తీసి, ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడండి. సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో వాడిన లెన్స్ అయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి. కొద్దిగా దుమ్ము ఉంటే మాత్రం భయం లేదు.
2. పూర్తి జూమ్‌లో, ఎఫ్/5.6 దగ్గర, గోడకు అంటించిన న్యూస్‌పేపర్‌ను ఎదురుగా నిలబడి తీయండి. నాలుగు మూలలూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే లెన్స్ కింద పడి ఉండొచ్చు.
3. దగ్గరి వస్తువుకు, దూరపు వస్తువుకు మార్చి మార్చి పదిసార్లు ఫోకస్ చేయండి. తడబడకూడదు.
4. 1/60 దగ్గర స్టెబిలైజేషన్ ఆన్‌లో ఐదు, ఆఫ్‌లో ఐదు ఫొటోలు తీయండి. తేడా కనిపించాలి.
5. ఎఫ్/16 పెట్టి ఒక ఫొటో తీయండి. కెమెరా ఎర్రర్ చూపిస్తే వదిలేయండి.

కొనే ముందు ఫ్రీ ట్రయల్

ఈ టెస్ట్‌కు రూపాయి కూడా అక్కర్లేదు. ఆదివారం మీ స్పాట్‌కు వెళ్లి, కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెట్టి ఫొటోలు తీయండి. 250ను 55తో భాగిస్తే సుమారు నాలుగున్నర. ఇంటికొచ్చి ఫొటో వెడల్పులో నాలుగున్నరో వంతు మాత్రమే మిగిలేలా క్రాప్ చేయండి. క్వాలిటీ పోతుంది, అది పట్టించుకోవద్దు. పిట్ట సైజు మాత్రం చూడండి, 250తో మీకు వచ్చే ఫ్రేమ్ అదే.

పిట్ట సరిపడా కనిపిస్తే 55-250 ధైర్యంగా తీసుకోండి. కాస్త చిన్నగా ఉంటే ఇంకొంచెం దగ్గరికి వెళ్లే దారి ఉందా చూడండి. చుక్కంత కనిపిస్తే మాత్రం 300 కూడా ఆదుకోదు. ఆ 15 వేలను అలాగే దాచి, ఇంకొన్నాళ్లు కలిపి పెద్ద లెన్స్‌కు వెళ్లడమే మంచిది.