మాజీ సైనికునికి ఇల్లు : సంఘము చేయదగిన పని

మన పాఠశాల అడ్మిషన్ రిజిస్టరులో "నివాసము" అను గడి యొకటి కలదు. ఒక బాలిక పేరున కెదురుగా నున్న ఆ గడిలో మూడేండ్లలో మూడు చిరునామాలు వ్రాయవలసి వచ్చినది. మొదటి రెండును కొట్టివేయబడినవి. ఆమె తండ్రి సైన్యములో నాయక్ హోదాలో పనిచేసి విరమించినవాడు. మంచు కొండలలో కాపలా కాచిన ఆ మనిషి, అద్దె అడ్వాన్సు కూడబెట్టలేక, ప్రతి వేసవిని సామానులు బండికెత్తుచుండెను. ఆ రిజిస్టరు నా యెదుట నున్నప్పుడు పుట్టిన యాలోచనలను తల్లిదండ్రులతో పంచుకొనవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

సమస్య ఎట్లు పుట్టును?

సైనికుడు వృద్ధుడై యింటికి వచ్చునని మనము తలంతుము. అది సరికాదు. సిపాయి సాధారణముగా ఇరువది యేండ్లు నిండకముందే చేరును. పదునైదు సంవత్సరములు సేవ చేసినచో పింఛనున కర్హుడగును. కావున పలువురు నలువది యేండ్లకు ముందుగనే విరమింతురు. సేవలో నున్నంతకాలము బారకాసులందో, ప్రభుత్వ క్వార్టర్సులందో వాసము. విరమించిననాడు వానిని ఖాళీ చేయవలెను. ఇతడు దూరదేశమున నుండగా పిత్రార్జితము పంచుకొనబడి యుండును. లేదా పాత యిల్లు కూలిపోయి యుండును. పిల్లలు బడియీడున నుందురు. వచ్చు పింఛనులో పెద్దపాలు అద్దెకే పోవును. అతడు మరణించినచో భార్యకు వచ్చునది అంతకన్నను తక్కువ.

2022లో ప్రవేశపెట్టిన అగ్నిపథము ననుసరించి చేరిన యువకులు నాలుగేండ్లు సేవ చేయుదురు. వారిలో నాలుగవ వంతుకు మించి సైన్యమున కొనసాగింపబడరు. తక్కినవారికి సేవానిధి యను ఒక మొత్తము లభించును గాని పింఛను లేదు. కావున ఈ ప్రశ్న మన పిల్లల తరమునకు మరింత దగ్గఱది.

మన ఊరి పేరులోని పాఠము

పాళెమనగా దండు విడిసిన చోటు. విజయనగర ప్రభువుల కాలమునను, అటుపిమ్మట నాయకరాజుల కాలమునను, సైన్యములతో దక్షిణమునకు వచ్చిన తెలుగు రాజుల సంతతివారు ఇచ్చట స్థిరపడిరని పెద్దలు పరంపరగా చెప్పుచున్న మాట. అట్లయినచో మన రాజపాళయమే కత్తి దించిన సైనికులు కట్టుకొన్న ఊరు. వారు ఇండ్లతో పాటు చావడులను గూడ కట్టుకొనిరి. చావడి ఒక్కని సొత్తు కాదు; అందఱి సొమ్ముతో లేచినది, అందఱి పనికి వచ్చునది. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత, ఆ రెండును ఒంటరిగా మోయలేని బరువులని చెప్పుచున్నది. పెండ్లికి నలుగురము చేరుచున్నాము. ఇంటికి మాత్రమేల చేరరాదు?

1949 నుండి 1952 వరకు మదరాసు ప్రభుత్వమునకు నాయకత్వము వహించిన శ్రీ పి. ఎస్. కుమారస్వామి రాజాగారు తమ సొంత యింటినే ప్రజల కొసగిరి. అదియే నేటి గాంధీ కలై మన్రము. ఇల్లు సంఘమున కీయదగిన వస్తువని మనకు చూపినవారు మన యూరివారే.

సహకారముతో లేచిన కాలనీలు

సికింద్రాబాదు సమీపమున సైనిక్‌పురి యను పేట కలదు. విరమించిన సైనికాధికారులు సహకార గృహనిర్మాణ సంఘముగా నేర్పడి దానిని నిర్మించుకొనిరి. దాని ప్రక్కనే వాయుపురి వెలసినది. 1978లో సైనిక గృహనిర్మాణ సంస్థ యేర్పడి, లాభాపేక్ష లేక, సైనికులకును వారి వితంతువులకును పలు నగరములలో ఇండ్లు కట్టించుచున్నది. ఇవి మెచ్చదగినవే. అయినను వాయిదాల సొమ్ము చెల్లింపగలవారికే అవి అందును. చిన్న పింఛనుగల జవానుకు నగరమందలి ఫ్లాటు అందని పండు.

ప్రభుత్వమే భూమి యిచ్చి నిలిపిన యుదాహరణము గ్రేట్ నికోబార్ ద్వీపము. 1969 మొదలు 1980 వరకు మూడువందలకు పైగా మాజీ సైనికుల కుటుంబములను అచ్చట స్థిరపఱచిరి. వారిలో పంజాబు, మహారాష్ట్రలవారితో పాటు తమిళనాడు, ఆంధ్రప్రదేశములవారును ఉండిరి. వారు అడవి కొట్టి కొబ్బరి, పోక తోటలు వేసిరి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తీరమందలి యిండ్లను, తోటలను తుడిచిపెట్టినది. మిగిలినవారు ఏండ్ల తరబడి రేకుల షెడ్లలో కాలము గడపిరి. భూమి నిచ్చినంతమాత్రమున పని ముగియదని దీనివలన తెలియుచున్నది. ఇంటి చుట్టును వైద్యుడు, బడి, దారి, ఆపదలో పిలిచిన పలుకు ఇరుగుపొరుగు కావలెను. ఆ యడవి షోంపెనులను ఆదివాసుల నివాసమను సంగతియు మఱవరాదు. ఒకరి నీడను తీసి మఱొకరికి నీడ యిచ్చుట న్యాయము కాదు.

పరదేశముల యనుభవము

ఇంగ్లండులో రెండవ చార్లెసు రాజు 1682లో స్థాపించిన చెల్సీ ఆశ్రయములో నేటికిని వృద్ధ సైనికులు నివసించుచున్నారు. అమెరికాలో 2010 నాటి ఒక రాత్రి గణనయందు నిలువ నీడలేని మాజీ సైనికులు సుమారు 74 వేలు. 2024లో సుమారు 33 వేలు. ఈ తగ్గుదలకు తోడ్పడిన పనులు ముఖ్యముగా రెండు. మొదటిది, ప్రతి నగరమునను అట్టివారి పేర్ల పట్టిక తయారుచేసి, ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క యిల్లు చూచుట. రెండవది, "బాగుపడుము, తరువాత ఇల్లిత్తుము" అనక, మొదట ఇల్లిచ్చి, పిమ్మట వైద్యమును, ఉద్యోగమును చూచుట. న్యూ ఆర్లియన్సు నగరము 2015 జనవరిలో తమ యెఱుకలోనున్న అట్టి మాజీ సైనికులందఱికి ఇండ్లు చూపితిమని ప్రకటించెను. తలుపునకు తాళము వేసికొనగలిగినవాడే మనసు కుదుటపఱచుకొని పని వెదకగలడు.

మనము చేయదగినది

మనది చిన్న సంఘము. కాలనీలు కట్టు శక్తి లేదు. అయినను ఈ నాలుగు పనులు మన చేతిలో నున్నవి.

1. పట్టిక. మన వీధులలోని మాజీ సైనికులు, వీరపత్నులు ఎవరు, ఎచ్చట, ఎట్టి యింట నున్నారో సంఘము ఒక పుస్తకమున వ్రాయవలెను.

2. అద్దె పూచీ. మన ప్రాంతమున నెలల అద్దె ముందుగా అడ్వాన్సు కట్టనిదే ఇల్లు దొరకదు. సంఘము ఆ సొమ్మును వడ్డీలేని అప్పుగా నిచ్చి, పూచీ నిలిచినచో చాలు. ఆ సొమ్ము తిరిగి వచ్చి మఱొకరికి పనికివచ్చును.

3. చేతిపని. తల్లిదండ్రులలో తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, కరెంటు పనివారు కలరు. కొన్ని ఆదివారములు కేటాయించినచో, కూలిన పాత యింటిలో ఒక గదియైనను నివాసయోగ్యమగును.

4. కాగితములు. డిశ్చార్జి పుస్తకము, పింఛను ఉత్తరువు, స్థలము పట్టా క్రమములో లేనందున సహాయము అందనివారు కలరు. విరుదునగరమందలి మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయమునకు వారితో కలసి వెళ్లుటకు చదువుకొన్నవాడొకడు కావలెను.

1949 నుండి ప్రతి డిసెంబరు 7వ తేదీని సాయుధదళముల పతాక దినముగా జరుపుచున్నారు. ఆనాడు మన పిల్లలు డబ్బా పట్టుకొని నాణెములు ప్రోగుచేయుదురు. ఆ పని మానరాదు. దానితో పాటు ఆనాడే పై పట్టికను తెఱచి, గత యేడు వ్రాసిన పేర్లలో ఎన్నింటి కెదురుగా స్థిరమైన చిరునామా చేరినదో చూచుకొనవలెను. సైనికునికి మన మిచ్చునది భిక్ష కాదు, బాకీ. బాకీ తీర్చువాడు లెక్క వ్రాసికొనవలెను గదా.

ఇంట పిల్లలతో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన వీధిలో మాజీ సైనికులెవరు? వారిని కడపటిసారి ఎప్పుడు పలుకరించితిమి?
2. ఇల్లు మొదట, ఉద్యోగము తరువాత అనుటలో న్యాయమేమి?
3. మన చావడి, మన సంఘము ఏడాదికి ఒక్క కుటుంబమునకైనను అద్దె పూచీ నిలువలేవా?