శౌచం అంటే ఉత్త నీళ్లేనా?

పూజలు, వ్రతాల గురించి చెప్పుకునే చోట ఈ బాత్రూమ్ గోలేంటి అనుకోకండి. పతంజలి మహర్షి యోగసూత్రాల్లో ఐదు నియమాలు చెప్తూ మొట్టమొదట పెట్టింది శౌచాన్నే. శౌచాలయం అన్న మాటలో ఉన్నదీ అదే.

మా ప్రకాశం జిల్లాలో ఒక తిరునాళ్లకి వెళ్లాను. మరుగుదొడ్డిలోంచి బయటికొచ్చి, చేతుల మీద రెండు చెంబులు నీళ్లు పోసుకుని, నేరుగా పులిహోర ప్రసాదం వరసలో నిలబడ్డాను. వెనకే మా పెద్దమ్మ ఉంది. ఏటా మిరపకాయల కోతకి వెళ్లే మనిషి. "ఏరా, కాయ కోసొచ్చి ఉత్త నీళ్లతో కడిగిన చేత్తో కన్ను నలుపుకుంటావా? ఇదీ అంతే" అంది. నిజంగా సిగ్గేసింది.

ఆవిడ చెప్పింది సైన్సే అండీ. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. అందుకే ఎంత కడిగినా మంట పోదు. మన చర్మం మీదా సన్నని జిడ్డు ఉంటుంది, క్రిములు దాన్నే పట్టుకుని ఉంటాయి. సబ్బు ఆ జిడ్డుని వదిలిస్తే అవీ నీళ్లతో పోతాయి. 20 సెకన్లు రుద్దాలి. ముఖ్యంగా గోళ్ల కింద, వేళ్ల సందుల్లో. అన్నం కలిపేది ఆ వేళ్లతోనే కదా!

పూర్వం మట్టితో కడుక్కోమన్నారుగా అని కొందరు అడుగుతారు. ధర్మశాస్త్రాల్లో మట్టీ నీళ్లూ రెండూ చెప్పారు, నిజమే. అంటే ఉత్త నీళ్లు చాలవని వాళ్లకీ తెలుసు. కానీ బయలుకి వెళ్లే చోట్ల మట్టిలో ఏలికపాముల గుడ్లు ఏళ్ల తరబడి బతికుంటాయి. కాబట్టి ఇప్పుడు సబ్బే మేలు. మడి కట్టుకుని మధ్యలో వెళ్లొచ్చి, కాళ్లు మాత్రం కడుక్కునే పెద్దవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు, వాళ్లకీ ఇదే చెప్తున్నా.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల కుళాయి నీళ్లలో మురుగు కలిసి అతిసారం వచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ మలం పైపు దారిన నోటికి చేరింది, ఇళ్లల్లో చేతి దారిన చేరుతుంది. సబ్బుతో కడిగే అలవాటుంటే విరేచనాల జబ్బులు దాదాపు మూడోవంతు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. పైపు మన చేతిలో లేదు, సబ్బు ఉంది.

బాత్రూమ్ తలుపు గడియ, కుళాయి, మగ్గు పిడి కూడా రోజూ సబ్బునీళ్లతో తుడవండి. కడగని చెయ్యి ముందు పడేది వాటి మీదే. తిరునాళ్లకి వెళ్తే చిన్న సబ్బుముక్క వెంట ఉంచుకోండి. మా పెద్దమ్మ అయితే కవర్లో చుట్టి కొంగున ముడేసుకుని వస్తుంది.