బట్టమేక పిట్ట, గడ్డిభూములు: పరీక్షల్లో అడిగే అవకాశం ఉన్న అంశాలు

రోళ్లపాడు అభయారణ్యం: నంద్యాల జిల్లా (పూర్వం కర్నూలు). బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు 1988. విస్తీర్ణం సుమారు 6.14 చ.కి.మీ. అడవి కాదు, గడ్డిభూమి. అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

బట్టమేక పిట్ట: శాస్త్రీయ నామం ఆర్డియోటిస్ నైగ్రిసెప్స్. మీటరు ఎత్తు; మగపక్షి బరువు 15 కిలోల వరకు. గూడు కట్టదు. వట్టి నేలమీద సాధారణంగా ఒకే గుడ్డు. పశువు కాలు పడితే ఆ ఏడాది సంతానం పోయినట్టే. కళ్లు పక్కలకు ఉండటంతో ఎదురుగా ఉన్న కరెంటు తీగలు సరిగా కనిపించవు.

పరిశోధన: 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (స్థాపన 1883) తరఫున అసద్ రహ్మానీ రోళ్లపాడులో, మధ్యప్రదేశ్‌లోని కరేరాలో అధ్యయనం చేశారు. రక్షణతో రోళ్లపాడులో కృష్ణజింకలు పెరిగాయి, చుట్టుపక్కల పంటలపై పడ్డాయి. మెయిన్స్‌లో ఈ కోణం తప్పక రాయండి. రైతును వదిలేసిన జవాబు సగం జవాబే.

హోదా: ఐయూసీఎన్ తీవ్ర ప్రమాదస్థితి (2011 నుంచి). వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, షెడ్యూల్-1. రాజస్థాన్ రాష్ట్ర పక్షి.

★ ముఖ్యం: బట్టమేక పిట్టకు కరెంటు తీగల ముప్పుపై ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసు, సుప్రీంకోర్టు, 2024 మార్చి 21. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ హక్కు: అధికరణలు 14, 21. వీటితోపాటు 48ఎ, 51ఎ(జి). రెండూ 42వ సవరణ, 1976.

2026: ఐరాస అంతర్జాతీయ పచ్చిక బయళ్లు, పశుపోషకుల సంవత్సరం.

రాష్ట్ర జంతువులు: ఆంధ్రప్రదేశ్ కృష్ణజింక, తెలంగాణ చుక్కల జింక. ఖరగ్‌పూర్ నుంచి బెంగాల్ పరీక్షలు రాసే మన తెలుగు పిల్లలకు: పశ్చిమ బెంగాల్‌ది ఫిషింగ్ క్యాట్, అంటే బావురు పిల్లి.