చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే తెర నల్లబడుతోందా?

ప్రశ్న: కలికిరి నుంచి చెన్నైకి టమాటా లోడు తోలుతాను. చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే దారి చూపే ట్యాబ్ తెర నల్లగా కనిపిస్తోంది. ఏ ట్యాబ్ కొనాలి? – ఓ డ్రైవర్, కలికిరి

జవాబు: ట్యాబ్ పాడైందనుకోకండి. మీవి పోలరైజ్డ్ అద్దాలై ఉంటాయి. రోడ్డు మీది తళుకును ఆపడానికి అవి ఒక దిశలో కంపించే కాంతిని అడ్డుకుంటాయి. ఎల్‌సీడీ తెర కాంతి కూడా ఒకే దిశలో కంపిస్తుంది. ఆ రెండు దిశలూ ఒకటైతే తెర నల్లబడుతుంది. ముందు ట్యాబ్‌ను అడ్డం నుంచి నిలువుకు తిప్పి చూడండి. కొత్తది కొనేటట్టయితే అవే కళ్లద్దాలు పెట్టుకుని దుకాణానికి వెళ్లండి. తెరను రెండు విధాలా తిప్పి, ఎండలోకి తెచ్చి చూడండి. వెలుగు 1,000 నిట్ల దాకా ఉంటే మేలు. ఖర్చు తగ్గాలంటే ట్యాబ్‌ను ఉంచుకుని, పోలరైజ్డ్ కాని అద్దాలు కొనుక్కోండి.