వాహన చౌర్య నివారణకు రిజిస్ట్రేషను రుసుము

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవని మన సామెత. వాహన చౌర్యము విషయములో మన యేర్పాట్లు నేటికిని ఈ సామెతకు చాల దూరముగా లేవు. బండి పోయిన పిదప ఫిర్యాదు వ్రాసికొనుటకు పోలీసు ఠాణా ఉన్నది. కాని పోకముందే దానిని కాపాడుటకు స్థానికముగా ధనము ఎక్కడనుండి రావలెను? ఈ ప్రశ్ననే ఇచ్చట పరిశీలింపదలచినాము.

మన ముదిగొండ మండలములోని రైతుకు మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. మిరప ధర తెలిసికొనుటకు ఖమ్మం మార్కెటుకు పోవలెనన్నను, రోగిని ఆసుపత్రికి చేర్చవలెనన్నను అదియే ఆధారము. చట్టము తప్పనిసరి చేసినది థర్డు పార్టీ బీమాను మాత్రమే. అది ఇతరులకు కలిగిన నష్టమును భరించునే గాని, సొంత బండి చోరీకి పరిహారమీయదు. అంతకుమించిన బీమా కట్టలేని వానికి బండి పోయిన పిదప మిగులునది అప్పు వాయిదాలే. కనుక పేదవానికి నివారణయే అసలైన బీమా.

ఇక రుసుము సంగతి. ఈ మాట ఉర్దూలోని 'రుసూమ్' నుండి మనకు వచ్చినది. పన్ను సామాన్య ఖజానాకు చేరును. రుసుము ఒక సేవకు ప్రతిగా చెల్లింపబడును. 1954లో శిరూరు మఠము కేసులో సుప్రీం కోర్టు ఈ భేదమును వివరించినది. 1983లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెటు రుసుమునకు సంబంధించిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో, పైసకు పైస సేవ లభింపనక్కరలేదనియు, రుసుమునకు సేవకు స్థూలమైన సంబంధమున్న చాలుననియు పేర్కొన్నది. ఆ సంబంధమే ఇచ్చట కీలకము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము ఇందుకు మంచి ఉదాహరణ. అచ్చట 1990వ దశకారంభము నుండి, కౌంటీ పాలకమండలి తీర్మానించినచో, ఆ కౌంటీలోని వాహనముల వార్షిక రిజిస్ట్రేషనుపై ఒక్కొక్క డాలరు అదనముగా వసూలు చేయుటకు వీలు కలిగినది. 2013 నాటి చట్టము దానిని రెండు డాలర్లవరకు పెంచుకొనుటకు అనుమతించినది. ఈ సొమ్మును వాహన చౌర్యమును అరికట్టుటకు, దర్యాప్తునకు, కేసులు నడుపుటకు మాత్రమే వ్యయము చేయవలెను. ఏటేటా లెక్క చెప్పవలెను. దొంగలకు పొలిమేరలు లేవు గనుక, ఈ నిధితో అనేక పోలీసు శాఖలు కలిసి ఉమ్మడి దళములను నడుపుచున్నవి.

మన పరిస్థితి వేరు. సొంత వాహనమునకు జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మొదటనే ఒక్కమారు చెల్లింతుము. రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. కావున మనకు తగినది ఒకేసారి చెల్లించు స్వల్ప రుసుము. కేరళ 2007 నాటి రోడ్డు భద్రతా చట్టము ద్వారా రిజిస్ట్రేషను వేళ ఒక్కమారు సెస్సు వసూలు చేయు మార్గమును చూపినది.

పదివేల బండ్లకు పదేసి రూపాయల చొప్పున లెక్కించిన లక్ష రూపాయలగును. దీనితో ప్రత్యేక దళమును పోషింపజాలము. కాని సంత యొద్దనో, ఆసుపత్రి యొద్దనో బండ్లు నిలుపు చోట దీపము, కెమేరా అమర్పవచ్చును. పాత బండి కొనువారికి ఛాసిస్ నంబరును రిజిస్ట్రేషను పత్రముతో సరిచూచుట నేర్పవచ్చును. 2019 ఏప్రిల్ 1 నుండి క్రొత్త వాహనములకు తప్పనిసరియైన హై సెక్యూరిటీ నంబరు ప్లేటు ఊడదీసి మార్చుటకు వీలులేని రీతిలో బిగింపబడును. అయినను ఆ నంబరును చూచి అడుగువారు లేనిచో ప్లేటు ఒక్కటి ఏమి చేయగలదు? ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు దూరము కాని ఈ ప్రాంతమున అట్టి పరిశీలన మరింత అవసరము.

ఇది మరియొక పన్నే కదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణలో న్యాయమున్నది. అందుచేతనే మూడు షరతులు ఉండవలెను: సొమ్మునకు ప్రత్యేక ఖాతా, వసూలైన ప్రాంతముననే వ్యయము, గ్రామసభలలో ఏటేటా బహిరంగముగా లెక్కల ప్రకటన. ఇవి లేని రుసుమును మేమును సమర్థింపము. ఇవి ఉన్నచో, పది రూపాయలిచ్చిన రైతు మార్కెటులో తన బండిపై వెలుగుచున్న దీపమును చూచి, ఇది నా సొమ్మేనని చెప్పుకొనగలడు.